క్వార్టర్ కంపెనీది, జాడీ మనది

భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసి అరవై నిండి రిటైరైన చాలా తెలుగు కుటుంబాలకు ఒక రోజు వస్తుంది. ఆ రోజు ఇంటి తాళంచెవి కంపెనీకి అప్పగించాలి, పెరట్లో నాటిన చెట్లను అక్కడే వదిలి రావాలి. మునగచెట్టును లారీ ఎక్కించలేరు. పాతికేళ్లు కాసిన మామిడిని పెకలించి విజయనగరం తీసుకుపోలేరు. లారీ ఎక్కేవి మంచాలు, బీరువాలు, వంటసామాను. వాటి సందుల్లో, పాత చీరలు చుట్టి, కదలకుండా గుడ్డలు దోపి, ఊరగాయ జాడీలు. ఆ చెట్టు ఆ ఇంటివాళ్లకిచ్చిన చివరి కాపు ఆ జాడీల్లోనే ఉంటుంది.

పెరటి పంటను నిల్వ చేసుకోవడం గురించి మాట్లాడితే మనం రుచి దగ్గర మొదలుపెట్టి పొదుపు దగ్గర ఆగిపోతాం. రెండూ నిజమే. కానీ నేల తమది కాని ఊళ్లో ఆ పనికి ఇంకొక విలువ ఉంది. ఉద్యోగం ఉన్నంతకాలమే ఇల్లు. ఇల్లు ఉన్నంతకాలమే పెరడు. అలాంటి చోట ఏడాదికోసారి కాసింది కాసినట్టు ఎండబెట్టో, ఉప్పులో ఊరవేసో పెట్టుకుంటేనే అది మనదవుతుంది. కొందరికి తర్వాత క్వార్టర్లు లీజు మీద దక్కాయి, చెట్టూ దక్కింది. దక్కనివాళ్లకు మిగిలింది ఆ జాడీ, దాన్ని నింపే చేయి.

1955 ఫిబ్రవరిలో ఈ కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దుర్గ్ పక్కన వరి పండే పల్లెల మధ్య లేచిన ఆ కట్టడాల పనికీ, తర్వాత కొలిముల పనికీ దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. తెలుగువాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చారు. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా ఒకే రైలుమార్గం వాళ్ల ఊరినీ వాళ్ల కొలువునూ కలిపింది. సమతా ఎక్స్‌ప్రెస్ సీట్ల కింద ఎన్ని ఆవకాయ జాడీలు దుర్గ్ స్టేషన్‌లో దిగాయో లెక్క రాసినవాళ్లు లేరు. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్‌కీ విశాఖకీ మధ్య వందే భారత్ నడుస్తోంది. దేశంలో రైళ్లు నడిచే పట్టాల్లో పెద్ద వాటా ఈ భిలాయిలో పోతపోసి సాగదీసిందే. జాడీలు వచ్చిన దారిని కూడా ఆ జాడీల ఇంటివాళ్లే తయారుచేశారన్నమాట.

టౌన్‌షిప్ పాత సెక్టార్లలో ఒంటి అంతస్తు క్వార్టర్లకు ముందు కొంచెం, వెనక కొంచెం జాగా ఉండేది. దాంట్లో ఎవరి ప్రాంతం వాళ్లు నాటుకున్నారు. తెలుగువాళ్ల పెరడును దూరం నుంచే పోల్చుకోవచ్చు: కరివేపాకు, మునగ, గోడవార గోంగూర, పందిరి మీద ఆనప, బీర, పొట్ల, మూలన నాలుగు అరటి బోదెలు. వేసవికి ఊరెళ్లి వచ్చినప్పుడు విత్తనాలు కొంగున కట్టుకొని తెచ్చేవారు. గోంగూర గింజలు మాత్రం మోసుకు రావాల్సిన పని లేదు. ఇక్కడివాళ్లు అమారీ భాజీ అని పులుసుకూర వండుకునేది దాదాపు అదే ఆకు. ఈ సంగతి మనవాళ్లకు తెలియడానికి ఎన్నాళ్లు పట్టిందో గానీ, తెలిశాక గోడకు ఆ పక్కవాళ్లతో మాట కలిసింది.

ఆ మాట గట్టిపడింది మాత్రం బూడిద గుమ్మడికాయ దగ్గర. ఛత్తీస్‌గఢ్‌లో దాన్ని రఖియా అంటారు. వానాకాలంలో పాకిన తీగ పైకప్పు ఎక్కి, దీపావళి దాటేసరికి కాయ మీద బూడిద పట్టి, దింపడానికి సిద్ధంగా ఉంటుంది. చలి మొదలైన రోజుల్లో ఏ వీధిలో చూసినా ఒకటే పని, రఖియా బడీ. మన గుమ్మడి వడియాల పని తెలిసినవాళ్లు ఆ గోడ మీంచి చూస్తే, తమ అమ్మ చేతిపనినే వేరే చీరకట్టులో చూసినట్టుంటుంది.

ఆ పని కొంచెం దగ్గరగా చూడవలసినది. కాయను కోసి, లోపలి గింజల్ని ఒక పక్కకు తీసి, కండను ఛత్తీస్‌గఢీ ఇల్లాలు కోరుతుంది, మనావిడ సన్నటి ముక్కలుగా తరుగుతుంది. తేడా అంతే. తర్వాత ఇద్దరూ నీరు పిండే పనిలో పడతారు. మనవాళ్లు ఉప్పు, పసుపు కలిపి పలచటి గుడ్డలో మూటకట్టి, పైన రోకలిబండో సన్నికల్లో పెట్టి రాత్రంతా వదిలేస్తారు. తెల్లారేసరికి ముక్క సగానికి సగం కుంచించుకుపోతుంది. నానిన పొట్టు మినప్పప్పును కడిగి, నీళ్లు చిలకరించీ చిలకరించనట్టుగా గట్టిగా రుబ్బాలి. పిండి జారైతే వడియం చదునుగా పడి చెక్కలా ఎండుతుంది, వేగినా గుల్లవిచ్చదు. రుబ్బాక చేత్తో గిలకొట్టడమే అసలు పని. ఎంతసేపంటే గడియారం చెప్పదు. గిన్నెడు నీళ్లలో చిటికెడు పిండి వేస్తే అది తేలాలి. మునిగితే ఇంకా గాలి పట్టలేదన్నమాట. ఈ తేలే పరీక్ష గోడకు ఇటూ ఉంది, అటూ ఉంది. ఎవరు ఎవరికి నేర్పారో చెప్పలేం, నేర్పాల్సిన అవసరమే పడి ఉండకపోవచ్చు. జీలకర్ర, పచ్చిమిర్చి ముద్ద, ఇంగువ కలిపి, తడిగుడ్డ మీద వేళ్లతో ముద్దలు ముద్దలుగా వదులుతారు. రెండో రోజు గుడ్డను తిరగేసి వెనక నీళ్లు చల్లి ఊడదీసి, రెండో వైపు ఎండకు పెడతారు.

గింజల్ని కూడా పారేయరు. వాటితోనూ నువ్వులతోనూ మినప్పిండిలో చేసే బిజౌరీ ఛత్తీస్‌గఢ్ సొంత వంటకం. నూనెలో వేగితే కరకరలాడుతుంది. మన పెరళ్లలో ఆ గింజలు పాదులో పడేవి. వాటిని కూడా కంచంలోకి తేవచ్చని పక్కింటి భాభీ దగ్గర నేర్చుకున్న ఇళ్లు ఉన్నాయి. దానికి బదులు మనం ఇచ్చింది వడియాన్ని నూనెలో వేయించి పప్పన్నంలో నంజుకునే అలవాటు. వాళ్లు బడీని వంకాయతోనో, ఆలుగడ్డతోనో, మునక్కాడతోనో పులుసుకూరలో ఉడికిస్తారు. మనకూ వడియాల పులుసు ఉంది గానీ, కూరలేని రోజు కూరగా నిలబెట్టే పనికి దాన్ని వాళ్లంత గట్టిగా వాడుకోలేదు.

ఎండుకూరల లెక్కా అంతే. మనం ఒరుగులంటాం. మామిడి, వంకాయ, కాకర, గోరుచిక్కుడు ఉప్పూ మజ్జిగా పట్టించి ఎండబెడతాం. ఇక్కడ వంకాయనో టమాటానో కోసి ఎండబెట్టి ఖులా అంటారు. ఆకుకూరను ఎండబెడితే సుక్సా. వరికోతకు ముందే ఆ చేలోనే తర్వాతి పంట విత్తనాలు చల్లే పద్ధతిని ఉతేరా అంటారు. అలా చల్లిన కేసరిపప్పు మొక్క, వీళ్ల మాటలో తివరా, చలికాలంలో లేత ఆకు తొడుగుతుంది. ఆ లేతాకును కోసి తిన్నంత తిని, మిగిలింది ఎండబెట్టి, పచ్చికూర దొరకని ఎండాకాలంలో వండుకుంటారు. పల్లెటూళ్లలో మే, జూన్ నెలల కూర చాలావరకు డిసెంబరు, జనవరిలోనే సిద్ధమైపోయేది. తరిగిపోయే కాలాన్ని ముందే ఊహించి సర్దుకున్న తెలివి అది. దాన్ని పేదల తిండి అని పక్కన పెట్టినవాళ్లు ఆ తెలివిని కూడా పక్కన పెట్టేశారు.

ఎండబెట్టే పనికి భిలాయి వాతావరణం సముద్రం ఒడ్డునున్న మన ఊళ్లకంటే మేలు. విశాఖలో మే నెల ఎండ ఎంత మండినా గాలిలో తడి ఉంటుంది. వడియం పైన ఎండి లోపల మెత్తగా మిగిలిపోతుంది, పైగా ఉప్పు చెమరుస్తుంది. దుర్గ్ వైపు ఏప్రిల్, మే నెలల గాలి పొడిపొడిగా, వేడిగా ఉంటుంది. పాదరసం 45 డిగ్రీల దాకా పోయే రోజులుంటాయి. అక్కడ మూడు రోజులు పట్టేది ఇక్కడ రెండు రోజుల్లో గలగలలాడుతుంది. మనుషులకు ప్రాణం మీదికి తెచ్చే ఎండే అప్పడానికీ వడియానికీ చల్లమిరపకాయకూ ప్రాణం. జూన్ రెండో సగంలో వానలు దిగేలోపు డబ్బాలు మూతపడాలి.

మామిడిది వేరే కథ. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి దుమ్ము లేచి, ఆకాశం ఎరుపెక్కి, ఇక్కడివాళ్లు ఆంధీ అనే గాలి వీస్తుంది. అది ఆగీ ఆగగానే సెక్టార్ వీధుల్లో పిల్లలు సంచులు పట్టుకొని చెట్ల కిందికి పరిగెత్తేవారు. రాలిన కాయ దెబ్బతిని ఉంటుంది, ఆవకాయకు పనికిరాదు. టెంకె గట్టిపడని లేతకాయలైతే తురుము పచ్చడికీ, పలుచటి ఒరుగులకూ పనికొస్తాయి. ఇక్కడివాళ్లు వాటితోనే ఆమ్‌చూర్ చేసుకుంటారు. ఆవకాయకు మాత్రం చెట్టు మీంచి దెబ్బ తగలకుండా దింపిన కాయే కావాలి. చెట్టు లేనివాళ్లు పవర్‌హౌస్ మార్కెట్‌కో, సుపేలా ఆదివారం సంతకో పోయి పుల్లటి, పీచున్న కాయ వెతుక్కొని తెస్తారు. టెంకె తెగే కత్తిపీట ఉన్న ఇంటికి వారం రోజులు గిరాకీ.

మూడు షిఫ్టుల ఊళ్లో ఈ పనులకు ఒక క్రమం ఏర్పడింది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటాడు. గోడ అవతలి ఇంట్లోనూ అలాగే ఒకరు పడుకొని ఉంటారు. కాబట్టి మిరపకాయలు దంచడం, ఆవాలు కొట్టడం సాయంత్రానికి జరుగుతాయి. చప్పుడు లేని తరుగుడు, తుడుచుడు పగలు. జాడీ కడిగి ఎండబెట్టడం, కాయ తుడిచి తడారబెట్టడం, ఇలా తడికి సంబంధించిన జాగ్రత్తలన్నీ మధ్యాహ్నం ఎండలో. ఒక చుక్క తడి జాడీనంతా బూజు పట్టిస్తుందని ప్రతి ఇంట్లోనూ పిల్లలకు హెచ్చరిక. ఆ హెచ్చరిక వెనక సూక్ష్మజీవశాస్త్రం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

ఉప్పు చేసే పని సూటిగా ఉంటుంది. ముక్కలోని నీటిని లాగి తనతో కట్టేసుకుంటుంది. సూక్ష్మజీవి పెరగడానికి కావలసిన నీరు దానికి అందదు. మామిడి పులుపు రెండో కావలి. ఆవపిండి మూడోది. పైన నిలిచే నువ్వులనూనె గాలిని ఆపుతుంది. ఉప్పునీటిలో ఊరే పచ్చళ్లకు కనీసం 12 శాతం ఉప్పు ఉండాలని మన దేశంలో ప్రభుత్వ ప్రమాణాలు చెబుతాయి. మన అమ్మమ్మలు ఆ అంకె చూడలేదు. ఊట నాలిక మీద వేసుకొని “ఇంకో గుప్పెడు పడాలి” అన్నారు. రక్తపోటు భయంతో ఇప్పుడు ఉప్పు తగ్గించి కలిపి, మూడో నెలలో బూజు చూసి బాధపడే ఇళ్లు ఎక్కువయ్యాయి. ఉప్పు తగ్గించుకోవాలంటే తినే ముక్క తగ్గించుకోవాలి గాని జాడీలో తగ్గించకూడదు. తక్కువ ఉప్పుతోనే కావాలంటే కొద్దిగా కలుపుకొని ఫ్రిజ్‌లో పెట్టుకొని త్వరగా తినేయాలి.

ఈ పని ఎవరు చేశారో కూడా చెప్పుకోవాలి. ఆడవాళ్లే చేశారు. కొలిమి ముందు నిలబడ్డ మనిషికి జీతం ఉంది, ప్రమోషన్ ఉంది, రిటైరైన రోజు దండ ఉంది. మే నెల ఎండలో మేడ మీద, లేదా పెరట్లో నులకమంచం పక్కన, వడియాలు తిరగేసిన మనిషికి అలాంటివేం లేవు. పొయ్యి దగ్గర ఒక పూట పని, ఎండలో మరో పూట పని, మళ్లీ వచ్చే షిఫ్టుకు క్యారేజీ. ఆ రోజుల్ని తలచుకొని ముచ్చటపడేవాళ్లు ఈ సంగతి మరవకూడదు. చేతికి మిరపకారం మంట నాలుగు రోజులు తగ్గేది కాదు. ఆ మంట మనకు రుచిగా మాత్రమే జ్ఞాపకం ఉండిపోతే వాళ్లకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఇక ముందు ఈ విద్య బతకాలంటే ఇంట్లో మగవాళ్లూ కత్తిపీట ముందు కూర్చోవాలి. కొలిమిలో ఉష్ణోగ్రత చూసి ఉక్కు నాణ్యత చెప్పిన మనిషికి పాకం ముదురూ లేతా పోల్చడం కష్టమేం కాదు.

దుర్గ్ జిల్లాలో ధమ్‌ధా ప్రాంతం టమాటాకు పేరు. చలికాలం నడుమ పంట ఒక్కసారి విరగబడుతుంది. ధర పడిపోయిన ఏడాది కోతకూలీ కూడా గిట్టక రైతులు పండును పశువులకు పడేసిన సందర్భాలు, రోడ్డు పక్కన కుమ్మరించిన సందర్భాలు ఉన్నాయి. అక్కడికి కాస్త దూరంలోనే భిలాయి ఇళ్లలో జూలై వచ్చేసరికి అదే టమాటాను కిలోకు ఎన్నో రెట్లు పెట్టి కొంటాం. ఈ రెండు కాలాల మధ్య దూరాన్ని తగ్గించగలిగిన విద్య మనకు ఉంది. పండును కోసి ఉప్పు, పసుపు వేసి మూడు రోజులు ఊరనిచ్చి, మూడో రోజు పిండి, ముక్కల్ని ఒక పక్క, రసాన్ని ఒక పక్క ఎండకు పెట్టి, ఆ రసంలో చింతపండు నానేసి చేసే టమాటా నిల్వపచ్చడి ఏడాదంతా ఉంటుంది. అయితే అది పచ్చడే. పప్పులో వేయడానికి, చారు కాయడానికి, కూరలోకి టమాటా టమాటాలాగే కావాలంటే సీసాలో పెట్టే పద్ధతిని నేర్చుకోవాలి.

దాన్ని కనిపెట్టినవాడు నికొలాస్ అపేర్ అనే ఫ్రెంచి మిఠాయి వ్యాపారి. సైన్యానికి చెడిపోని తిండి కోసం ఫ్రెంచి ప్రభుత్వం బహుమతి ప్రకటిస్తే, గాజు సీసాలో ఆహారం నింపి, బిరడా బిగించి, మరిగే నీళ్లలో ఉంచే విధానాన్ని ఏళ్ల తరబడి పరీక్షించి 1810లో 12,000 ఫ్రాంకులు అందుకున్నాడు. అది ఎందుకు పనిచేస్తోందో ఆయనకు తెలియదు. సూక్ష్మజీవుల సంగతి లూయీ పాశ్చర్ తేల్చడానికి ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది. 1858లో అమెరికాలో జాన్ మేసన్ మరమూత సీసాకు పేటెంటు తీసుకున్నాక ఆ విద్య రైతుల వంటిళ్లకు చేరింది. ఇప్పటికీ అక్కడి పల్లె ఇళ్లలో శీతాకాలానికి ముందు బల్ల మీద సీసాలు బారులు తీరతాయి. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు వేసవిలో పెరట్లో గోంగూర పండించి, మంచు పడేలోపు కోసి, కొంత పచ్చడి చేసి, కొంత ఫ్రీజర్‌లో దాచుకుంటున్నారు. చలి తరిమే దేశంలో వాళ్లు, వాన తరిమే ఊళ్లో మనం ఒకే తొందరలో ఉన్నాం.

టమాటా సీసాల పద్ధతి ఇది. పండిన, మచ్చలేని కాయల్ని వేడినీళ్లలో ముంచి తొక్క తీసి, నలిపి, అయిదు నిమిషాలు మరిగించాలి. శుభ్రంగా కడిగి వేడిగా ఉంచిన అర లీటరు సీసాలో పావు టీస్పూను నిమ్మ ఉప్పు వేయాలి. ఇది మానకూడదు. టమాటా పులుపు ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది, తగ్గితే ప్రమాదం. వేడి గుజ్జు పోసి, పైన అర అంగుళం ఖాళీ వదిలి, అంచు తుడిచి, లోపల రబ్బరు పూత ఉన్న కొత్త మూత బిగించాలి. సీసాలు పూర్తిగా మునిగి పైన అంగుళం నీళ్లు నిలిచేలా పెద్ద గిన్నెలో పెట్టి, నీళ్లు తెర్లడం మొదలయ్యాక 35 నిమిషాలు మరిగించాలి. భిలాయి సముద్రమట్టానికి 300 మీటర్లకు కాస్త లోపే ఉంది కనుక ఈ సమయం సరిపోతుంది. కొండ ప్రాంతాల్లో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, సమయం పెంచాలి. చల్లారాక మూత నడుమ లోపలికి దిగి ఉండాలి. వేలితో నొక్కితే కదిలితే ఆ సీసా నిలవకు పనికిరాదు, ఫ్రిజ్‌లో పెట్టి ముందు వాడేయాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆవకాయ మనల్ని ధైర్యవంతుల్ని చేసింది. ఉప్పు, పులుపు, నూనె ఉన్న జాడీని మనం తరతరాలుగా నమ్మాం, అది మనల్ని మోసం చేయలేదు. అదే ధైర్యంతో మునక్కాయ కూరనో, బీన్సునో, మొక్కజొన్న గింజల్నో, పచ్చిబఠాణీనో సీసాలో పెట్టి నీళ్లలో మరిగిస్తే చాలనుకోవడం ప్రాణాంతకం. పులుపు తక్కువ ఉన్న ఆహారంలో, గాలి లేని సీసాలో, బాట్యులిజం కలిగించే క్రిమి విషాన్ని తయారుచేస్తుంది. దాని బీజాలు నూరు డిగ్రీల నీళ్లకు చావవు, 121 డిగ్రీల దాకా వేడి కావాలి. ఆ విషానికి చాలాసార్లు వాసన ఉండదు, రంగు మారదు. మన ఇళ్లలో ప్రెషర్ కుక్కర్ ఉంది కదా అంటే, అది త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. సీసాల కోసం పరీక్షించి నిర్ణయించిన సమయాలు దానికి సరిపోవు. పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి గట్టు మీద వదిలేయడంలోనూ ఇదే అపాయం ఉంది. పులుపు కూరలకు సీసా, పులుపు లేని కూరలకు ఎండ. మన పెద్దలు కాకరకాయను, వంకాయను, గోరుచిక్కుడును ఎండలోనే ఎందుకు పెట్టారో ఇక్కడ అర్థమవుతుంది.

ఇప్పటి సంగతి. పాత సెక్టార్లలో పెరళ్లు కొన్ని మిగిలాయి, కొన్ని క్వార్టర్లు ఖాళీ పడ్డాయి. రిటైరైనవాళ్లు రిసాలీ, హుడ్కో, ఖుర్సీపార్ వైపు ఇళ్లు కట్టుకున్నారు, లేదా పిల్లల దగ్గరికి హైదరాబాద్, బెంగళూరు వెళ్లారు. అపార్టుమెంటు బాల్కనీలో రెండు కుండీల కరివేపాకు పెరడంత పని చేయదు. పచ్చళ్లు పొట్లాల్లో వస్తున్నాయి. అందులో తప్పేం లేదు, ఎవరి వీలు వాళ్లది. పోతున్నది మాత్రం పొట్లంలో రాని విద్య: ఏ కాయను ఏ రోజు దింపాలి, ఏ గాలికి గుడ్డ పరవాలి, పిండి ఎప్పుడు తేలుతుంది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం తన తిండిని కొంత గౌరవంగా చూసుకోవడం మొదలుపెట్టింది. 2016లో రాయపూర్‌లో మహంత్ ఘాసీదాస్ మ్యూజియం ఆవరణలో గఢ్ కలేవా తెరుచుకుంది. స్వయం సహాయక బృందం మహిళలు నడిపే ఆ చోట ఛత్తీస్‌గఢీ వంటకాలే దొరుకుతాయి. 2018 చివర్లో వచ్చిన ప్రభుత్వం వాగు, పశువు, ఎరువుగుంత, పెరడు అనే నాలుగింటినీ కలిపి నర్వా, గరువా, ఘురువా, బారీ అని పథకం పెట్టింది. పెరడు ఒక ప్రభుత్వ పథకం పేరులోకి ఎక్కడం చిన్న విషయం కాదు. 2022 మే 1న, కార్మిక దినాన, అందరూ బోరే బాసీ తినాలని ముఖ్యమంత్రి పిలుపునిచ్చారు. నీళ్లలో నానిన ఆ అన్నాన్ని మన చద్దన్నం తెలిసినవాళ్లకు పరిచయం చేయాల్సిన పని లేదు. ఉల్లిపాయ, పచ్చడి, వేయించిన బిజౌరీ పక్కన పెట్టుకొని తింటారు. ఎండలో పనికి పోయే మనిషి కడుపు చల్లగా ఉండాలని చేసిన ఏర్పాటు అది. ప్రభుత్వాలు మారతాయి, పథకాల పేర్లు మారతాయి. వండే చేతులు మిగిలి ఉంటే చాలు.

తెలుగు సంఘాలు భిలాయిలో దశాబ్దాలుగా ఉన్నాయి. ఉగాది పచ్చడి పంచుతాయి, కల్యాణోత్సవాలు చేస్తాయి, నాటకాలు వేయిస్తాయి. ఏడాదిలో మూడు రోజులు ఈ నిల్వ పనికి కూడా కేటాయించమని వాటిని అడుగుతున్నాం. దీపావళి తర్వాత ఒక రోజు వడియాలకు, ఆ రోజుకు గురువులు పక్క వీధి ఛత్తీస్‌గఢీ తల్లులే కావాలి. జనవరిలో ఒక రోజు టమాటాకు, ధమ్‌ధా రైతు దగ్గరే నేరుగా కొని. మేలో ఒక రోజు ఆవకాయకు. కేంద్ర ప్రభుత్వ ఆహార, పోషణ మండలి కొన్ని నగరాల్లో కమ్యూనిటీ క్యానింగ్ కేంద్రాలు నడిపింది. ఎవరి పండు వాళ్లు తెచ్చుకొని, కొద్దిపాటి రుసుము కట్టి, అక్కడి పరికరాలతో, అక్కడి నిపుణుల పర్యవేక్షణలో సీసాలు నింపుకొని పోయేవారు. టౌన్‌షిప్‌లో ఒక పాత క్వార్టర్‌ను అలాంటి కేంద్రంగా మార్చడానికి కావలసింది నీళ్లు, గ్యాసు, నాలుగు పెద్ద గిన్నెలు, సరైన థర్మామీటరు, బాధ్యతగా నేర్పే ఒకరిద్దరు మనుషులు. స్థలం ఉంది. నేర్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.

ఆ మూడు రోజుల్లోనూ ఒకరు కాగితం, పెన్ను, చిన్న ఎలక్ట్రానిక్ తూకం పట్టుకొని నేర్పేవాళ్ల పక్కనే కూర్చోవాలి. పెద్దావిడ గుప్పెట్లో ఉప్పు తీసి ముక్కల మీద వేయబోయేటప్పుడు “అమ్మా, ముందు దీంట్లో వేయండి” అని ఆపాలి. అంకె రాసుకున్నాకే కలపనివ్వాలి. “తగినంత” అన్న చోటల్లా గ్రాములు పడాలి. ఆ కాగితం తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి, ఛత్తీస్‌గఢీలో ఒకటి రాసి, కాయ రకం, తేదీ, ఎన్ని రోజుల ఎండ పట్టిందో కింద చేర్చి, సంఘం గోడకు అంటించాలి.